అకార్డియన్‌ని గ్రిడ్డులో సర్దాక పాటలో ప్రాణం పోయింది (వాయెనాతో, పాప్ కలిపి ఆల్బం చేస్తున్నాం, దారి చెప్పండి)

హ్యూస్టన్_హార్మనీ
మూడు రోజులుగా ప్రాజెక్టు ఫైలు తెరవాలంటే చేతులు రావడం లేదు. ఇలాంటి పని చేసినవాళ్ళు ఇక్కడ ఉన్నారని అడుగుతున్నాను.

మాది రాజమండ్రి, ఉద్యోగం హ్యూస్టన్‌లో. కీబోర్డు వాయిస్తాను, ఇంటి గ్యారేజీనే స్టూడియో చేసుకున్నాను. మా ఆఫీసులో ఒకమ్మాయిది కొలంబియా, కరీబియన్ సముద్రం వైపు ఊరు. గొంతు చాలా బాగుంటుంది. వాళ్ళ ప్రాంతపు జానపదం పేరు వాయెనాతో. అకార్డియన్, కాహా అనే చిన్న డోలు, గువాచరాకా అని గీకి వాయించే గెడ, ఈ మూడే దానికి ఆధారం. ఆ పాటల్ని పాప్‌తో కలిపి 6 పాటల ఆల్బం చేద్దామని ఏడాదిగా అనుకుంటున్నాం. ఈమధ్య వాళ్ళ మేనమామ ఇక్కడికి వచ్చారు. అరవై దాటిన మనిషి. సూట్‌కేసు కన్నా ముందు అకార్డియన్ పెట్టె దించారు కారులోంచి. ఇంకో 3 వారాలు ఉంటారు.

మొదటి పాటకి ఆయన చేత మెట్రోనోమ్ (టిక్కు టిక్కుమని లెక్క కొట్టేది) మీద వాయింపించాను. తర్వాత కూర్చుని ప్రతి స్వరాన్నీ గ్రిడ్డుకి, అంటే కంప్యూటర్‌లో సమాన దూరంలో ఉండే తాళం గీతలకి సర్ది, కింద కిక్ డ్రమ్, వెనక సింథ్ ప్యాడ్ (సింథసైజర్‌తో సాగదీసే నాదం) వేశాను. కాహా, గువాచరాకా మాత్రం ముందే రికార్డు చేసి పెట్టిన శాంపిల్ ప్యాక్‌లోవి. నా చెవికి రేడియోలో వచ్చే పాటలాగే ఉంది. ఆయన హెడ్‌ఫోన్స్ పెట్టుకుని చివరిదాకా విన్నారు. తీసి, వైరు చుట్టి, బల్ల మీద జాగ్రత్తగా పెట్టారు. "చాలా శుభ్రంగా ఉంది" అన్నారు. కాసేపయ్యాక మేనకోడల్ని అడిగారు: "ఇది వాయించింది ఎవరు?"

ఎత్తిపొడుపు కాదు. నిజంగానే అడిగారు. ఆ మాట నన్ను వదలడం లేదు. పాప్ పాటలా ఉండాలి, ఆయన వాయించినట్టూ ఉండాలి. ఎలా?

సౌండు_శీను
ముందు ఒకటి చెప్పు. సర్దకముందు ఉన్న ఒరిజినల్ రికార్డింగు ఉంచావా, దానిమీదే సేవ్ చేసేశావా?

హ్యూస్టన్_హార్మనీ
ఉంది అన్నా. వేరే ఫోల్డర్‌లో.

సౌండు_శీను
అయితే భయపడకు. తీరిగ్గా రాస్తాను, డ్యూటీలో ఉన్నాను.

పాత_క్యాసెట్
ఈ దారిలో నీకన్నా ముందు నడిచిన మనిషి ఒకాయన ఉన్నాడు. కార్లోస్ వీవెస్. కొలంబియాలోని సాంతా మార్తా ఊరు. మొదట టీవీ సీరియల్ నటుడు, రాక్ బల్లాడ్‌లు పాడుకునేవాడు. 1991లో రఫాయెల్ ఎస్కలోనా అనే వాయెనాతో రచయిత జీవితం మీద సీరియల్ తీస్తే అందులో ఎస్కలోనాగా వేశాడు. ఆ పాటలు నోటికి పట్టాయి, ఇక వదల్లేదు. 1993లో పాత వాయెనాతోలన్నీ ఏరి 'క్లాసికోస్ దె లా ప్రొవిన్సియా' అని ఆల్బం చేశాడు. డ్రమ్స్, ఎలక్ట్రిక్ గిటార్, బేస్, అన్నీ ఉన్నాయి. పొడుగు జుట్టు, చిరిగిన జీన్స్. మన పద్ధతి చెడగొడుతున్నాడని పెద్దవాళ్ళు కోప్పడ్డారు కూడా.

ఇక్కడ నీకు కావలసిన సంగతి ఏంటంటే, ఆయన తన పక్కన అకార్డియన్‌కి ఎవర్ని పెట్టుకున్నాడో చూడు. ఎహిదియో క్వాద్రాదో. వాయెదుపార్‌లో 1968 నుంచి జరిగే వాయెనాతో పండుగలో పోటీ గెలిచినవాణ్ణి 'రాజు' అంటారు. 1985లో ఆ రాజు ఈయనే. అంటే ఆ సంగీతం పుట్టినచోట పరీక్ష నెగ్గిన మనిషి. 2024లో చనిపోయేదాకా వీవెస్‌తోనే వాయించాడు. అన్నేళ్ళలో వీవెస్ గిటార్లు మార్చాడు, బీట్లు మార్చాడు, ఆ అకార్డియన్ మాత్రం మారలేదు.

నీ దగ్గర కూడా అలాంటి మనిషి ఉన్నాడు బాబూ. నువ్వు చేసిందల్లా ఆయన్ని తీసుకెళ్ళి కిక్ డ్రమ్ వెనకాల నిలబెట్టావు.

లూపు_లోకేశ్
నేను ఒప్పుకోను. పాప్ అంటేనే గ్రిడ్డు. ఇయర్‌ఫోన్స్ పెట్టుకుని బస్సులో వినే పిల్లలకి పాటలో కాలు ఆడాలి, అంతే. అకార్డియన్ కాస్త ముందు పడిందా వెనక పడిందా ఎవరు చూస్తారు? మేనమామగారికి నచ్చడం వేరు, ఆల్బం వినేవాళ్ళకి నచ్చడం వేరు. ఆయన కోసం ఒక ఒరిజినల్ వెర్షన్ విడిగా పెట్టు, ఆల్బంలో మాత్రం నువ్వు చేసిందే ఉంచు.

తీన్మార్_తిరుపతి
లోకేశ్ అన్నా, మాది కరీంనగర్ దిక్కు. మా నాయిన డప్పు కొడతడు. పది డప్పులు ఒక్కసారి కొడితే అన్నీ ఒక్క గీత మీద పడయి. ఒకటి జరంత ముందు, ఒకటి జరంత వెనక. ఆ సందులనే ఊపు ఉంటది. ఒకసారి నేను ఫోన్ల రికార్డు చేసి సాఫ్ట్‌వేర్ల సాఫు చేసి ఇంటికి తెచ్చి వినిపిచ్చిన. మా నాయిన "ఒక్కటే డప్పు కొట్టినట్టున్నది గదా బిడ్డా" అన్నడు. పది మంది కష్టం ఒక్కటై కూసున్నది. ఈ మేనమామ అడిగింది గూడ అదే మాట.

కోనసీమ_కుర్రాడు
తిరుపతి గారు చెప్పింది నా కళ్ళతో చూశాను. మా పెదనాన్నది సన్నాయి. ఒకసారి ఒక భక్తి పాటల ఆల్బంలో బిట్టు వాయించడానికి పిలిచారు. ఎక్కడన్నది వద్దు. వాయించి వచ్చారు, వెయ్యి రూపాయలిచ్చారు. పాట విడుదలయ్యాక విన్నాం. శ్రుతి సరిచేసే సాఫ్ట్‌వేర్‌లో వేసినట్టున్నారు, గమకాలన్నీ మెట్లు మెట్లుగా తెగిపోయాయి. పెదనాన్న ఏమీ అనలేదు. ఆ తర్వాత ఎవరు పిలిచినా "దంతాలు కదులుతున్నాయిరా, ఊదలేను" అనేవారు. గుళ్ళో మాత్రం ఊదుతూనే ఉండేవారు.

హార్మనీ గారూ, మీ పెద్దాయన ఇంకా మీ ఇంటికి వస్తున్నారా?

హ్యూస్టన్_హార్మనీ
వస్తున్నారు. నిన్న వచ్చి టీ తాగి వెళ్ళారు. అకార్డియన్ తేలేదు.

తిశ్ర_నడక
నాది మృదంగం. లెక్క దగ్గర ఒక ప్రశ్న. వాయెనాతోలో నాలుగు నడకలు ఉన్నాయి: పాసెయో, సోన్, మెరెంగే, పూయా. వాయెదుపార్ పోటీలో అకార్డియన్ వాయించేవాడు నాలుగూ వాయించి చూపాలి. అందులో పాసెయో, సోన్ మన చతురశ్రంలా రెండు, నాలుగు లెక్కలో పోతాయి. మెరెంగే, పూయా మాత్రం 6/8. పేరు ఒకటే అయినా డొమినికన్ మెరెంగేకీ దీనికీ పోలిక లేదు, అది రెండు లెక్కల నడక. మీరు సర్దిన పాట ఏ నడకలో ఉంది?

హ్యూస్టన్_హార్మనీ
మెరెంగే. నేను దాన్ని 4/4 పెట్టుకుని, ఒక్కో దెబ్బని మూడుగా విడగొట్టే ట్రిప్లెట్ గ్రిడ్డులో సర్దాను.

తిశ్ర_నడక
దొరికింది. 6/8లో ఆరు చిన్న అక్షరాలుంటాయి. వాటిని 3+3గా చేస్తే రెండు దెబ్బలు, 2+2+2గా చేస్తే మూడు దెబ్బలు. ఈ లాటిన్ జానపదాల్లో రెండూ ఒకేసారి నడుస్తాయి. ఒక వాయిద్యం రెండు అంటుంటే ఇంకొకటి మూడు అంటుంది. పాదం రెండు వేస్తుంది, భుజం మూడు ఊగుతుంది. మీరు ప్రతి 3కీ ఒక కిక్ వేసి "ఇది రెండే" అని తీర్పు చెప్పేశారు. మూడు ఊగే భుజం పడిపోయింది. ఆ పాటలో కిక్ తీసి ఒక్కసారి వినండి. తర్వాత కిక్‌ని రెండు మీద కాకుండా మూడు మీద వేసి వినండి. ఆయన వేళ్ళు దేన్ని అనుసరిస్తున్నాయో మీకే తెలుస్తుంది.

గజ్జెల_గౌరి
తిశ్ర గారు చెప్పిన ఈ రెండు-మూడు ఆటని నేను కాళ్ళతో నేర్చుకున్నాను. నాది కూచిపూడి. టెక్సాస్‌లోనే ఉంటాను, ఇక్కడ మెక్సికో వాళ్ళ ఫందాంగోకి (అందరూ చేరి పాడి ఆడే కూటమి) ఒకసారి స్నేహితురాలు తీసుకెళ్ళింది. వెరాక్రూస్ వైపు జానపదం, సోన్ హరోచో అంటారు. మధ్యలో తరీమా అని చెక్క పీట వేస్తారు. చుట్టూ హరానాలు, అంటే చిన్న గిటార్లు. పీట ఎక్కి కాళ్ళతో కొట్టేవాళ్ళే అక్కడ డ్రమ్మర్లు. నేను తకిట తకిట అని ఎక్కాను. పక్కనున్న పెద్దావిడ నవ్వి నా చెయ్యి పట్టుకుని, అదే తాళంలో తక తక తక వేసింది. రెండూ కలిశాయి! నాకు ఒళ్ళు గగుర్పొడిచింది. మన తిశ్రం, చతురశ్రం పక్కపక్కన తెలుసు గానీ ఒకే పీట మీద రెండూ ఒకరినొకరు తోసుకోకుండా ఉండటం అక్కడే చూశాను.

'లా బాంబా' అందరికీ తెలుసు కదా. అది ఈ పీట మీది పాటే. 1958లో రిచీ వాలెన్స్ దాన్ని రాక్ చేసేశాడు. పదిహేడేళ్ళ కుర్రాడు. బాణీ అలాగే ఉంచి ఎలక్ట్రిక్ గిటార్, డ్రమ్స్ మీదికి మార్చాడు.

లూపు_లోకేశ్
చూశారా గౌరి గారూ, మీరే నా మాట నిజం చేశారు. వాలెన్స్ రాక్‌కి మార్చాడు, ప్రపంచమంతా పాడింది. వెరాక్రూస్ పీట మీదే ఉండి ఉంటే మనకి తెలిసేదా?

గజ్జెల_గౌరి
తెలిసేది కాదు, ఒప్పుకుంటాను. కానీ వాలెన్స్ తను గిటార్ పట్టుకుని తన గొంతుతో మార్చాడు. వేరే పెద్దమనిషి వాయించినదాన్ని తీసుకుని ఆయనకి చెప్పకుండా జరపలేదు. తేడా అక్కడ ఉంది.

లూపు_లోకేశ్
ఇది ఆలోచించాల్సిన మాటే. సరే, 6/8 పాట విషయంలో వెనక్కి తగ్గుతున్నాను. పాసెయోల విషయంలో తగ్గను.

మూసీ_ఒడ్డు
నాకొకటి అర్థం కాదు. మన దగ్గర ఒగ్గు కథ ఉంది, జముకుల పాట ఉంది, తప్పెటగుళ్ళు ఉన్నాయి, వినే దిక్కు లేదు. రాజమండ్రి నుంచి వెళ్ళి కొలంబియా జానపదం బతికించడం ఎందుకు? ఆ మూడు వారాలు మన కళాకారుడికి పెట్టొచ్చు కదా.

హ్యూస్టన్_హార్మనీ
బాధ అర్థమైంది అన్నా, తప్పుగా అనుకోను. కానీ ఈ ఆల్బం నాది కాదు, ఆ అమ్మాయిది. వాళ్ళ అమ్మమ్మ పాడిన పాటలు ఆమెకి కావాలి. ఆమెకి కీబోర్డు మనిషి కావాలి, నేను దొరికాను. రేపు మన జముకుల పాటకి ఇలాంటి ఆల్బం చేస్తే అకార్డియన్ కోసం ఆ మేనమామనే అడుగుతాను. ఆయన వస్తారు కూడా.

మూసీ_ఒడ్డు
ఆ మాట మీద ఉండు తమ్ముడూ. చేసేటప్పుడు చెప్పు, మా దగ్గర జముకు వాయించే మనిషిని నేను చూపిస్తా.

కాపీరైట్_కామేశ్వరి
ఎవరూ అడగలేదు కాబట్టి నేను అడుగుతాను. ఆ ఆరు పాటలూ ఎవరివి? "జానపదం" అన్న మాట విన్నప్పుడల్లా నాకు అనుమానమే. దాని వెనక చాలాసార్లు ఒక పేరు ఉంటుంది.

'ఎల్ కోందోర్ పాసా' సంగతి చూడండి. పెరూ స్వరకర్త దానియెల్ అలోమియా రోబ్లెస్ 1913లో లీమాలో ఒక సంగీత నాటకం కోసం కట్టిన బాణీ. పాల్ సైమన్ దాన్ని పారిస్‌లో లోస్ ఇంకాస్ అనే బృందం వాయిస్తుంటే విని, పాత జానపదమే అనుకుని, వాళ్ళ రికార్డింగు మీదే ఇంగ్లీషు మాటలు పాడి 1970లో విడుదల చేశాడు. తర్వాత రోబ్లెస్ కొడుకు కోర్టుకి వెళ్ళాడు. గొడవ లేకుండానే తేలింది, ఎందుకంటే సైమన్ కావాలని చెయ్యలేదు. కానీ పేరు రావడానికి కోర్టు మెట్లు ఎక్కాల్సి వచ్చింది.

లంబాడా ఇంకో కథ. మా ఊరి పెళ్ళి బ్యాండు కూడా వాయించిన ట్యూన్ అది. 1989లో కవోమా బృందం విడుదల చేసింది. అసలు బాణీ బొలీవియాలోని లోస్ హార్కాస్ బృందం 1981లో చేసిన పాట. అనుమతి లేదు. వాళ్ళూ కోర్టుకెళ్ళి నెగ్గుకొచ్చారు.

వాయెనాతోలో అయితే మరీ జాగ్రత్త. ఆ పాటల్లో చాలావాటికి రచయిత పేరు పాటలోనే తెలుస్తుంది. పాత_క్యాసెట్ గారు చెప్పిన ఆల్బంలో పెద్ద హిట్టు 'లా గోతా ఫ్రీయా'. ఎమిలియానో సులేతా 1938లో రాసింది.

పాత_క్యాసెట్
కామేశ్వరి గారు ఆ పాట పేరెత్తారు కాబట్టి కథ చెప్పకుండా ఉండలేను. సులేతాకీ లొరెంసో మొరాలెస్ అనే ఇంకో అకార్డియన్ విద్వాంసుడికీ పోటీ. మన తిరుపతి వేంకట కవులకీ కొప్పరపు కవులకీ నడిచినట్టే, ఇద్దరూ పాటలతో సవాళ్ళు విసురుకునేవాళ్ళు. మొరాలెస్‌ని వెక్కిరిస్తూ సులేతా కట్టిన పాటే అది. ముసలితనంలో ఇద్దరూ మంచి స్నేహితులయ్యారు. యాభై అయిదేళ్ళ తర్వాత వీవెస్ పాడితే ఆ తగాదా ఏ సంగతీ తెలియని దేశాల్లో కూడా జనం ఎగిరారు.

హ్యూస్టన్_హార్మనీ
కామేశ్వరి అక్కా, మంచి పని చేశారు. రాత్రి కూర్చుని అడిగాం. మూడు పాటలు ఆ అమ్మాయి సొంతం. రెండు మేనమామవి. ఒకటి ఆయన నాన్నది, ఎక్కడా రిజిస్టర్ చెయ్యలేదు, కాయితం మీద కూడా లేదు. ఆయన నోట్లోనే ఉంది. మేము దాన్ని 'జానపదం' అని రాసుకున్నాం.

కాపీరైట్_కామేశ్వరి
ఆ ఒక్క మాట ఇవాళే మార్చు. ఆ పెద్దాయన నాన్నగారి పేరు రచయితగా రాయండి, వారసులెవరో ఇంట్లో మాట్లాడుకుని సంతకాలు పెట్టించండి. రిజిస్ట్రేషన్ ఆయన వెళ్ళేలోపు అయిపోవాలి. రెండోది, మీరు ఆయన వాయింపుకి ఒకసారి డబ్బిచ్చి ఊరుకుంటున్నారా, రికార్డింగులో వాటా ఇస్తున్నారా? పాట మొదట్లో ఆయన అప్పటికప్పుడు అల్లిన అకార్డియన్ బిట్టే రేపు అందరికీ గుర్తుండేది. కోనసీమ అబ్బాయి వాళ్ళ పెదనాన్న వెయ్యి రూపాయలు మర్చిపోకండి.

హ్యూస్టన్_హార్మనీ
ముగ్గురికీ సమానం అని రాసుకున్నాం. ఇప్పుడే. వంటగదిలో, టిష్యూ పేపరు మీద. రేపు మంచి కాయితం మీద రాస్తాం.

బటన్ల_బాబు
నాకు అకార్డియన్ పిచ్చి, రెండేళ్ళ క్రితం పాత పెట్టె ఒకటి కొనుక్కున్నాను. ఒక హెచ్చరిక. వాయెనాతో పెట్టె మన హార్మోనియంలాంటిది కాదు. పియానో మెట్లు ఉండవు. కుడి చేతికి మూడు వరసల్లో 31 బటన్లు, ఎడమ చేతికి 12. ఒక్కో వరస ఒక్కో శ్రుతి. ఒకే బటన్ నొక్కి తిత్తి లోపలికి తోస్తే ఒక స్వరం, బయటికి లాగితే ఇంకో స్వరం. అందుకే దానికి ఊపిరి తీసే తీరు ఉంటుంది. పాట శ్రుతి మార్చాలంటే వేరే పెట్టె కావాలి, లేదా వేళ్ళ దారి మొత్తం మారాలి. సింగర్‌కి అరమెట్టు దించాలంటే కంప్యూటర్‌లో దించేసే అలవాటు మనకి ఉంది కదా, అది మాత్రం చెయ్యకు. రీడ్ల గరగర మారిపోతుంది, తిత్తి ఊపిరి బరువెక్కుతుంది.

హ్యూస్టన్_హార్మనీ
రెండో పాటకి సరిగ్గా అదే చేశాను. అరమెట్టు దించాను. అందుకే అది జలుబు చేసినట్టుంది!

బటన్ల_బాబు
ఆయన్నే అడుగు. ఆ శ్రుతి పెట్టె హ్యూస్టన్‌లో ఎవరి దగ్గరుందో ఆయనకి ఈపాటికే తెలిసి ఉంటుంది. ఈ వాయిద్యం వాళ్ళు ఎక్కడికెళ్ళినా ఒకళ్ళనొకళ్ళు పట్టేస్తారు.

వలస_పిట్ట
రెండు ఆల్బంలు చెబుతాను, నీ పనికి దగ్గరవి. ఒకటి అర్జెంటీనా. లెయోన్ హియేకో, గుస్తావో సాంతవోలాయా కలిసి దేశం దక్షిణ కొస ఉషువాయా నుంచి ఉత్తర కొస లా కియాకా దాకా తిరిగి, ఎక్కడి పాటని అక్కడి మనుషులతోనే రికార్డు చేశారు. 1985లో వచ్చింది. పల్లె మనిషిని స్టూడియోకి తేవడం కాదు, స్టూడియోనే పల్లెకి మోసుకెళ్ళారు.

రెండోది మెక్సికో. నతాలియా లాఫుర్కాదె, మంచి పాప్ గాయని. పెరిగింది వెరాక్రూస్ ప్రాంతంలోనే. 2017 సెప్టెంబరు భూకంపానికి హాల్తిపాన్ ఊళ్ళో గౌరి గారు చెప్పిన సోన్ హరోచో కేంద్రం దెబ్బతింది. దాన్ని మళ్ళీ కట్టడానికి కచేరీ చేసి, 'ఉన్ కాంతో పోర్ మెహికో' అని 2020లో ఆల్బం తెచ్చింది. ఆ ఏడాది లాటిన్ గ్రామీలో ఉత్తమ ఆల్బం అదే. నాకు ఆమెలో నచ్చింది ఒకటే, పాత పాటకి తన గొంతు తగ్గించి పాడుతుంది. పక్కన హరానా వినపడాలని.

మీ సింగర్ గొంతు ఎంత పైన పెట్టారు మిక్స్‌లో?

హ్యూస్టన్_హార్మనీ
చాలా పైన. పాప్ కదా అని.

సౌండు_శీను
ఇప్పుడు తీరిక దొరికింది. పాయింట్లు పాయింట్లుగా రాయను, నేనైతే ఏం చేస్తానో చెబుతాను.

ఉన్న టేక్ పక్కన పెట్టు. పెద్దాయన్ని మెట్రోనోమ్ లేకుండా వాయించమను. కాహా, గువాచరాకా శాంపిళ్ళు తీసెయ్, మనుషుల్ని తీసుకురా. ముగ్గుర్నీ ఒకే గదిలో, ఒకళ్ళ మొహం ఒకళ్ళకి కనపడేలా కూర్చోబెట్టు. ఒకరి శబ్దం ఇంకొకరి మైకులోకి వస్తుంది, రానీ. అకార్డియన్‌కి రెండు మైకులు కావాలి, కుడి చేతి వైపు ఒకటి, ఎడమ చేతి వైపు ఒకటి. తిత్తి కదులుతుంది కాబట్టి మరీ దగ్గర పెట్టకు, మూరెడు దూరం. బటన్ల టకటక వస్తుంది, తుడిచెయ్యకు.

అదయ్యాక అసలు కిటుకు: వాయింపుని గ్రిడ్డుకి వంచకు, గ్రిడ్డునే వాయింపుకి వంచు. ఆయన ఏ బార్ దగ్గర కాస్త ఉరికారో, ఎక్కడ నెమ్మదించారో గుర్తులు పెట్టి టెంపో మ్యాప్ తయారుచెయ్యి. అప్పుడు నీ కిక్, సింథ్, డిలే అన్నీ ఆయన వెనకాల నడుస్తాయి. లోకేశ్‌కి కావలసిన కాలు ఆడటం కూడా పోదు.

అకార్డియన్, ఆడగొంతు, సింథ్ ప్యాడ్ మూడూ మధ్య ఫ్రీక్వెన్సీల్లోనే కొట్టుకుంటాయి. తగ్గాల్సింది ప్యాడ్. అకార్డియన్ ఊరుకున్న చోట మాత్రమే దాన్ని పలకనీ. పెద్దవాళ్ళు మాట్లాడుతుంటే మధ్యలో మాట్లాడం కదా, అంతే.

లూపు_లోకేశ్
టెంపో మ్యాప్ మాట బాగుంది శీనన్నా. దీనికి నాకు అభ్యంతరం లేదు. కానీ వాయెనాతో డాన్స్ పాట కాదా? ఇంత మెత్తగా చేస్తే పార్టీలో ఎవరు వేస్తారు?

వలస_పిట్ట
వాళ్ళ పర్రాందా అంటే పెరట్లో కుర్చీలు వేసుకుని రాత్రంతా వినడం. పాటకీ పాటకీ మధ్య కథలు, కబుర్లు. పాత పద్ధతి పర్రాందాలో లేచి ఆడటం మర్యాద కాదు. మన పురాణ కాలక్షేపం మధ్యలో ఎవరైనా లేచి చిందేస్తే ఎలా ఉంటుందో అలా.

లూపు_లోకేశ్
ఇది నాకు బొత్తిగా తెలియదు. పాట అంటే ఆడటానికే అనుకున్నాను.

పాత_క్యాసెట్
ఇద్దరిదీ నిజమే. వీవెస్ వచ్చాక కుర్రాళ్ళు ఆడారు. 1995లో 'లా తియెర్రా దెల్ ఒల్విదో' చేసినప్పుడు ఇంకా ముందుకెళ్ళాడు. అందులో అన్నీ పాత పాటలే కాదు, కొత్త పాటలూ ఉన్నాయి. మాయ్తె మొంతెరో గైతా కూడా ఉంటుంది అందులో. గైతా అంటే కాక్టస్ కాండంతో చేసే పొడుగాటి పిల్లనగ్రోవి. తల భాగం తేనెమైనంలో బొగ్గుపొడి కలిపి చేస్తారు, ఊదడానికి పక్షి ఈక కాడ గుచ్చుతారు. దాన్ని ఎలక్ట్రిక్ గిటార్ పక్కన నిలబెట్టినా గైతా గైతాలాగే పలికింది. మొదటి ఆల్బంలో నేర్చుకున్నాకే రెండో దాంట్లో తనది చెప్పాడు. తమ్ముడు ఆ రెండూ వరసగా వినాలి.

హ్యూస్టన్_హార్మనీ
ఆదివారం రికార్డు చేశాం. వివరంగా రాస్తాను, మీరందరూ చెప్పినందుకే ఇది జరిగింది.

శనివారం ఆయన ఇంటికెళ్ళి చెప్పాను. నేను సర్దింది మీ వాయింపు కాదు, మళ్ళీ వాయించండి, ఈసారి టిక్కు టిక్కు ఉండదు అన్నాను. మేనకోడలు స్పానిష్‌లో చెప్పింది. ఆయన ఏమీ అనకుండా ఫోను తీసి ఎవరితోనో మాట్లాడారు. ఆదివారం పొద్దున్న పది గంటలకి గ్యారేజీ ముందు ఇద్దరు మనుషులు దిగారు. ఒకాయన పెయింటింగు పని చేస్తాడట, ఇంకొకాయన ట్రక్కు డ్రైవరు. కాహా ఒకరిది, గువాచరాకా ఒకరిది.

కాహా దగ్గరగా చూశాను. జానెడు వెడల్పుంటుంది మూత, కిందికి సన్నబడుతుంది, మోకాళ్ళ మధ్య ఇరికించి రెండు చేతులతో కొడతారు. మూత వెలుతురుకి పెడితే లోపల ఏదో మసగ్గా కనపడింది. పక్కటెముకలు! ఆస్పత్రి ఎక్స్‌రే ఫిల్ముతో బిగించారు. తోలు అయితే చెమ్మకి జారిపోతుందట, ఇది జారదు, గట్టిగా పలుకుతుంది. ఎవరి ఎక్స్‌రే అని అడిగితే "మా బావమరిదిది, ఇప్పుడు బాగానే ఉన్నాడు" అన్నాడు. అందరం నవ్వాం. పెద్దాయన కూడా.

ముగ్గుర్నీ ఎదురెదురుగా కూర్చోబెట్టాను. మొదటి టేక్‌లో పాట మొదలవ్వకముందే ఆయన నా వైపు చూశారు, లెక్క పెట్టమంటారేమో అని. నేను చేతులు కట్టుకుని కూర్చున్నాను. ఆయనే పాదంతో రెండుసార్లు తట్టి ఎత్తుకున్నారు. రెండో చరణం దగ్గర వేగం పెరిగింది, చివర మళ్ళీ దిగింది. ఇదివరకైతే దాన్ని తప్పు అనేవాణ్ణి. తిశ్ర గారూ, కాహా రెండు అంటుంటే అకార్డియన్ ఎడమ చెయ్యి మూడు అంటోంది. ఇంత స్పష్టంగా ఉన్నది నాకు నెల రోజులు ఎందుకు వినపడలేదో!

రాత్రి టెంపో మ్యాప్ చేసి, మూడు మీద కిక్ చాలా మెత్తగా వేసి, ప్యాడ్ సగానికి సగం తీసేసి నిన్న వినిపించాను. హెడ్‌ఫోన్స్ వద్దన్నారు, స్పీకర్లో పెట్టమన్నారు. వింటూ వింటూ మధ్యలో లేచి వెళ్ళి పెట్టె తెరిచి అకార్డియన్ తగిలించుకున్నారు. చివరి పల్లవికి పాటతో పాటు వాయించారు.

అయ్యాక రెండు చెప్పారు. గువాచరాకా ఇంకా పైకి తే, అది లేకపోతే పాట నడవదు అన్నారు. ఆ 'గాలి శబ్దం' మాత్రం తీయకు, బాగుంది అన్నారు. గాలి శబ్దం అంటే నా సింథ్ ప్యాడ్.

కోనసీమ_కుర్రాడు
మా పెదనాన్న ఫొటోకి చదివి వినిపించాను ఈ పోస్టు.

తీన్మార్_తిరుపతి
ఎక్స్‌రే సంగతి మా నాయినకి చెప్పిన. ఇప్పుడు మా దిక్కు ఫైబర్ డప్పులొచ్చినయి, మంట కాడ కాచే పని లేదు. "వాళ్ళకి గూడ వాన కష్టమే గదా" అన్నడు. ఆ కాహా మోత ఒక్కటి విడిగా పంపు అన్నా, ఆయనకి వినిపిస్త.

హ్యూస్టన్_హార్మనీ
సాయంత్రం పంపుతాను తిరుపతి తమ్ముడూ. ఆయనకి కూడా మీ నాన్నగారి డప్పు వినాలని ఉందట, నువ్వూ పంపు. సాఫు చెయ్యకుండా.

కాపీరైట్_కామేశ్వరి
సంతకాలు?

హ్యూస్టన్_హార్మనీ
అయ్యాయి అక్కా. ఆయన నాన్నగారి పేరు కాయితం మీద ఆయనే స్వయంగా రాశారు. కాహా, గువాచరాకా వాళ్ళ పేర్లు కూడా వేశాం, వాళ్ళ వాటా కూడా.

లూపు_లోకేశ్
మెరెంగే సరే. ఒక పాసెయో నాకిస్తావా? గ్రిడ్డు జోలికి పోను, టెంపో మ్యాప్ మీదే బీటు కడతాను. ఆయనకి నచ్చకపోతే తీసెయ్యి.

హ్యూస్టన్_హార్మనీ
అడిగాను. మూడో పాట ఇవ్వమన్నారు. రెండోది మాత్రం ఎవరికీ ఇవ్వొద్దన్నారు, అది వాళ్ళ నాన్నది.

బటన్ల_బాబు
ఆ రెండో పాటకేనా అరమెట్టు దించింది? పెట్టె దొరికిందా?

హ్యూస్టన్_హార్మనీ
దొరికింది బాబూ. ట్రక్కు డ్రైవరు గారి తమ్ముడి దగ్గర ఉందట, డాలస్‌లో. గురువారం లోడు దించి వస్తూ తెస్తానన్నాడు.